బుల్ కుమార్ కథ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే మేనకోడలు, ఎన్‌సీసీ పిల్లల కోసం కల్నల్ నరేంద్ర 'బుల్' కుమార్ జీవితం మీద ఒక ప్రసంగం రాసుకుంది. ఆర్టిలరీలో సుబేదారుగా రిటైరై మిలటరీ మాధవరంలో స్థిరపడ్డ మేనమామకు దాన్ని చదివి వినిపించబోయింది. ఆయన సియాచిన్‌లో పనిచేసి వచ్చినవాడు. మొదటి పేజీ పూర్తికాకుండానే ఆపేశాడు.

మావయ్య: ఆగమ్మా, ఇదేం మొదలు? 1960లో ఎవరెస్టు అంచుదాకా వెళ్లి వెనక్కి దిగిపోయాడని మొదలెడతావా? సియాచిన్‌ను దేశానికి చూపించిన మనిషాయన. పిల్లల చెవిన పడాల్సిన మొదటి మాట అది.

మేనకోడలు: సియాచిన్ నాలుగో పేజీలో వస్తుంది మావయ్యా. ముందు ఇది విను. 1960 మేలో బ్రిగేడియర్ జ్ఞాన్ సింగ్ నాయకత్వంలో మనవాళ్లు మొదటిసారి ఎవరెస్టు మీదికి వెళ్లారు. సోనమ్ గ్యాత్సో, నవాంగ్ గోంబు, కుమార్, ముగ్గురూ 28,300 అడుగులదాకా ఎక్కారు. శిఖరానికి ఇంకా ఏడు వందల అడుగులుంది. గాలి, మంచు కళ్లు తెరవనివ్వడం లేదు. దిగిపోయారు. అప్పటికి కుమార్‌కి ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో, ఆ దూరంలో ఆగగలిగినవాడి దగ్గర మన పిల్లలు నేర్చుకోవాల్సింది చాలా ఉంది. అందుకే అక్కడ మొదలుపెట్టాను.

మావయ్య: గాలి తోసేస్తే ఎవడైనా దిగుతాడు. దిగడం గొప్పేమిటి?

మేనకోడలు: అందరూ దిగరు మావయ్యా, అదే నా బాధ. ఆయన సొంత తమ్ముడి సంగతే చూడు. మేజర్ కిరణ్ కుమార్ 1985 అక్టోబరులో సైన్యం పంపిన ఎవరెస్టు యాత్రలో, అదే కొండ మీద జారిపడి పోయాడు. కొద్ది రోజుల్లోనే ఆ జట్టులో మరో నలుగురు పైన చలికి ప్రాణాలు వదిలారు. ఒకే ఇంటి నుంచి ఇద్దరు అన్నదమ్ములు ఒకే కొండకు వెళ్లారు. పెద్దాయన 2020 డిసెంబరు 31న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో కన్నుమూశాడు, ఎనభై ఏడేళ్లు నిండాక. తమ్ముడి ఊసెత్తకుండా అన్న నిండు జీవితం గురించి ఎలా మాట్లాడతాం?

మావయ్య: ఎత్తు, వద్దనను. కానీ తమ్ముడికి వివేకం లేదు, అన్నకు ఉంది అన్నట్టు మాత్రం రాయకు. అది అన్యాయం. మంచు మీద తెలివైనవాడు పోతాడు, తెలివితక్కువవాడు బతికొస్తాడు. మేం తాడు కట్టుకుని నడిచేవాళ్లం. నడుముకు తాడు, ముందున్నవాడి అడుగులోనే మన అడుగు. పొద్దెక్కితే మంచు మెత్తబడుతుంది కాబట్టి చీకట్లోనే బయల్దేరాలి. పగులు మీద మంచు మూతలా పరుచుకుని ఉంటుంది, చూడ్డానికి మామూలు నేలే. మొదటివాడు కర్రతో పొడిచి చూస్తూ వెళతాడు. అతను దాటాడు, రెండోవాడూ దాటాడు, మూడోవాడి కింద మూత తెరుచుకుంటుంది. మూడోవాడి తప్పేమిటి చెప్పు? పైన పడ్డ ఆ కాస్త బరువు సరిపోయింది, అంతే.

మేనకోడలు: అలా రాయను. అదృష్టం ఎంత, తెలివి ఎంత అని నేను తూచలేను. నేను చెప్పేది, వెనక్కి రావడాన్ని ఓటమి పద్దులో వేయొద్దని. అసలు ఆ 'బుల్' అన్న పేరే చూడు. డెహ్రాడూన్‌లో కేడెట్‌గా ఉన్నప్పుడు బాక్సింగ్ పోటీలో తనకన్నా సీనియర్ ఎస్.ఎఫ్. రోడ్రిగ్స్‌తో తలపడ్డాడు. ఆ రోడ్రిగ్సే తర్వాత సైన్యాధిపతి అయ్యాడు. కుమార్ ఓడిపోయాడు. ఎన్ని దెబ్బలు తిన్నా తల వంచుకుని మీదికే వెళుతుంటే ఎద్దులా ఉన్నాడన్నారు. జీవితాంతం నిలిచిన పేరు ఓడిన ఆటలో వచ్చింది.

మావయ్య: అదీ మాట! మీదికే వెళ్లాడు కాబట్టే వచ్చింది. దిగిపోతే వచ్చేదా? ఒకపక్క వెనక్కి తగ్గడం గొప్పంటావు, ఇంకోపక్క తగ్గనందుకు పడ్డ పేరు చెబుతావు. ఏదో ఒకదాని మీద నిలబడమ్మా.

మేనకోడలు: రెండూ ఆ మనిషిలోనే ఉన్నాయి కదా మావయ్యా. 1961కి రా. ఎవరెస్టు నుంచి వచ్చిన మరుసటి ఏడే బదరీనాథ్ పైన నీలకంఠానికి జట్టును తీసుకెళ్లాడు. అక్కడ మంచు కాటుకి నాలుగు కాలివేళ్లు పోయాయి. ఒక్క ఏడాదిలో రెండు పాఠాలు. ఒకటి ఆగి నేర్చుకున్నాడు, రెండోది ఆగక నేర్చుకున్నాడు.

మావయ్య: మంచు కాటు అని రెండు ముక్కల్లో తేల్చేశావు. అదేంటో పిల్లలకు చెప్పు. నేను హుందర్ ఆసుపత్రిలో చూశాను. బూటు బిగుతుగా ఉన్నా, చెమటకి తడిసిన మేజోడు మార్చకపోయినా చాలు. ముందు వేళ్లు మండుతాయి. తర్వాత మంట ఆగిపోతుంది. కుర్రాళ్లు తగ్గిందనుకుంటారు, నిజానికి ప్రమాదం మొదలయ్యేది అక్కడే. చర్మం కొవ్వొత్తి మైనంలా తెల్లగా, గట్టిగా అవుతుంది. కిందికి తెచ్చి వేడి పట్టించాక బొబ్బలు లేస్తాయి, ఆపైన నల్లబడుతుంది. డాక్టరు వెంటనే కోయడు. ఎక్కడిదాకా బతికుందో, ఎక్కణ్ణుంచి చచ్చిందో ఆ గీత తేలేదాకా వారాల తరబడి ఆగుతాడు. తన వేలు నల్లగా ఎండిపోతుంటే రోజూ చూసుకుంటూ పడుకోవాలి కుర్రాడు. కొండ ఎక్కేటప్పుడు ఒంటి బరువంతా కాలి ముందుభాగం మీదే పడుతుంది. నాలుగు వేళ్లు లేకుండా ఆ మనిషి మరో ఇరవై ఏళ్లు ఎక్కాడు. ఇది రాయి ముందు.

మేనకోడలు: రాస్తాను. ఇంత వివరం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మావయ్య: 1964లో నందాదేవి, ఆ జట్టుకి నాయకుడాయనే. 1965లో ఎవరెస్టు, ఉపనాయకుడు. తొమ్మిది మంది శిఖరం ఎక్కారు. ప్రపంచంలో అప్పటిదాకా ఒక్క యాత్రలో అంతమంది ఎక్కింది లేదు.

మేనకోడలు: ఆ తొమ్మిదిమందిలో ఆయన లేడు. నాయకుడు ఎం.ఎస్. కోహ్లీ కూడా లేడు. ఇది మాత్రం నువ్వు దాటేస్తావు! అయిదేళ్ల కిందట ఏడు వందల అడుగుల దూరంలో ఆగినవాడు, ఈసారి కింద ఉండి ఆక్సిజన్ సీసాలు, తిండి, ఎవరు ఏ క్యాంపుకి ఎప్పుడు కదలాలి అన్న ఏర్పాట్లు చూసుకునే బాధ్యతలో ఉన్నాడు. తనతోపాటు అప్పట్లో తిరిగొచ్చిన గోంబు, గ్యాత్సో ఇద్దరూ ఈసారి ఎక్కారు. కుమార్ జీవితంలో ఎప్పుడూ ఎవరెస్టు శిఖరం మీద నిలబడలేదు. ఆ సంగతి దాచకుండా చెబితేనే ఆయన పెద్దరికం తెలుస్తుంది.

మావయ్య: ఇందులో నీతో పేచీ లేదు. ఫౌజులో సగం పని అదే. ముందు నడిచినవాడి ఫోటో వస్తుంది. వెనక కిరసనాయిలు మోసినవాడి ఫోటో రాదు.

మేనకోడలు: ఆ తొమ్మిదిమందిలో మేజర్ అహ్లూవాలియా ఉన్నాడు. మేలో ఎవరెస్టు ఎక్కాడు. కొన్ని నెలలకే పాకిస్తాన్ యుద్ధంలో తూటా తగిలి, మిగిలిన జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపాడు. అలా కూర్చునే ఢిల్లీలో వెన్నెముక గాయాల ఆసుపత్రి కట్టించాడు. కొండ ఏమీ చేయలేనివాణ్ణి యుద్ధం పట్టుకుంది. నా అసలు ప్రశ్న ఇక్కణ్ణుంచి మొదలవుతుంది మావయ్యా. కొండ వేరు, యుద్ధం వేరు. కుమార్ ఈ రెంటినీ కలిపిన మనిషి. ఆ కలపడం గురించి మనం మాట్లాడుకోవద్దా?

మావయ్య: సియాచిన్ దగ్గరికి వచ్చావన్నమాట. సరే, సంగతి మొత్తం చెప్పాకే తీర్పు చెప్పు. 1949లో కరాచీలో కాల్పుల విరమణ గీత గీసినప్పుడు ఎన్‌జే 9842 అన్న బిందువు దగ్గర పెన్ను ఆపేశారు. అక్కణ్ణుంచి ఉత్తరంగా హిమనదాల దాకా అని రాసి వదిలేశారు. అక్కడ మనిషి అడుగు పెడతాడని ఎవరూ అనుకోలేదు. 1972లో సిమ్లా ఒప్పందం తర్వాతా దాన్ని తేల్చలేదు. 1977లో సింధు నది మీద పడవ యాత్ర సంగతి మాట్లాడ్డానికి ఒక జర్మన్ వచ్చి కుమార్ ముందు పటం పరిచాడు. అమెరికాలో అచ్చయిన పటం. ఆ బిందువు నుంచి తిన్నగా కారకోరం కనుమకి గీత లాగి, సియాచిన్ మొత్తాన్ని పాకిస్తాన్ వైపు చూపించారు. అందరూ చూసే పటమే అది. చూసి ఊరుకోనివాడు ఈయనొక్కడే. ఆ పటం పట్టుకుని ఢిల్లీలో జనరల్ చిబ్బర్ దగ్గరికి వెళ్లాడు. అప్పుడు గుల్మార్గ్‌లో హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్ ఈయన చేతిలోనే ఉంది. 1978లో జట్టును తీసుకుని సియాచిన్ ఎక్కాడు. 1981లో మళ్లీ వెళ్లి, ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచాడు. సియా కాంగ్రి, ఇందిరా కోల్, సాల్తోరో... పైన పాకిస్తాన్ విమానాలు తిరిగాయి. అవతలివైపు నుంచి వచ్చిన యాత్రలు పారేసిన డబ్బాలు, సిగరెట్ పెట్టెలు ఏరి సాక్ష్యంగా తెచ్చాడు. డెబ్బై ఆరు కిలోమీటర్ల హిమనదం. అందులో చెత్త ఏరి పట్టుకొచ్చాడంటే ఆ మనిషి చూపు ఎలాంటిదో ఆలోచించు.

మేనకోడలు: ఆ తర్వాత 1984 ఏప్రిల్ 13, సియాచిన్‌ను పట్టుకోవడానికి మన సైన్యం చేపట్టిన ఆపరేషన్ మేఘదూత్. బిలాఫోండ్ లా మీద హెలికాప్టర్ల నుంచి దిగినవాళ్లు.

మావయ్య: 4 కుమావూఁ. ఈయన సొంత రెజిమెంటు. 1954లో ఆయన ఆఫీసరుగా అడుగుపెట్టిన కుమావూఁ. అది రాసుకో. ఈయన తెచ్చిన పటాలు, ఫోటోలు, దారుల వివరాలు లేకపోతే వాళ్లు కళ్లకు గంతలు కట్టుకుని దిగినట్టే. అక్కడ కుమార్ బేస్ అని ఈయన పేరే పెట్టారు. బతికుండగానే!

మేనకోడలు: ఇప్పుడు నా మాట విను. రావల్పిండిలో పుట్టినవాడు, కొండల మీద ప్రేమతో కొండలెక్కినవాడు, ఒక హిమనదం పొడవునా నడిచాడు. ఆ అడుగుల వెనకే రెండు దేశాల సైన్యాలు ఎక్కి కూర్చున్నాయి. నలభై ఏళ్లు దాటింది. అక్కడ పోయినవాళ్లలో తూటాలకు పోయింది తక్కువ, చలికీ మంచుకీ పోయిందే ఎక్కువ అని నువ్వే చెబుతావు. 2003లో కాల్పులు ఆగాయి, చావులు ఆగలేదు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ పోస్టు మీద మంచుగోడ కూలి 19 మద్రాస్ బెటాలియన్ వాళ్లు పదిమంది కూరుకుపోయారు. అందులో మన కర్నూలు జిల్లా కుర్రాడున్నాడు. ఆరు రోజుల తర్వాత మంచు తవ్వితే వాళ్లలో హనుమంతప్ప ఊపిరితో దొరికాడు, దేశమంతా ప్రార్థించింది, అయినా మూడో రోజుకి పోయాడు. కుమార్‌కి దొరికిన ఎనభై ఏడేళ్లలో సగం కూడా వాళ్లకు దొరకలేదు. ఆయన సుదీర్ఘ జీవితాన్ని తలుచుకునేటప్పుడు ఈ కురచ జీవితాలు పక్కన లేకపోతే నా గొంతు పెగలదు.

మావయ్య: ఆయన నడిచినందుకు వీళ్లు పోయారంటావా?

మేనకోడలు: అంత మాట అనను. కానీ ఆయన కూడా నడవకుండా, అవతలివాళ్లూ నడవకుండా, ఆ గీసిపెట్టని చోటుని అలాగే వదిలేసి ఉంటే?

మావయ్య: అవతలివాళ్లు అప్పటికే నడుస్తున్నారమ్మా! విదేశీ కొండల జట్లకి పర్మిట్లిచ్చి పంపిస్తున్నారు. ఈయన తెచ్చిన డబ్బాలు ఎవరివనుకున్నావు? నువ్వు పుస్తకంలో చూసి 'అలాగే వదిలేస్తే' అంటావు. పోస్టు మీద కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు. నేను వదిలేస్తే రేపు దాన్ని తిరిగి పట్టుకోవడానికి కింది నుంచి ఎక్కాల్సింది మా వాళ్లే, పైనుంచి వాళ్లు కాలుస్తుంటే. అప్పుడు పోయేవాళ్ల లెక్క ఎంతవుతుంది? ఆ లెక్క నీ ప్రసంగంలో లేదు.

మేనకోడలు: లేదు. రాస్తాను, నీ మాటగా రాస్తాను. నేను ఒప్పుకున్నానని మాత్రం రాయను.

మావయ్య: నువ్వు ఒప్పుకోవాలని నేను అడగలేదు. సోనమ్ పోస్టు వాళ్లని తలుచుకోవద్దనీ అనలేదు. మేం పైకి వెళ్లేముందు బేస్ క్యాంపులో, మమ్మల్ని కాపాడతాడని నమ్మే ఓపీ బాబా గుడిలో రిపోర్ట్ చేస్తాం. ఫలానావాణ్ణి, ఇంతమందిమి, పైకి వెళుతున్నాం బాబా అని సెల్యూట్ కొట్టి. దిగొచ్చాక మళ్లీ రిపోర్ట్. హిందువు, ముస్లిం, సిక్కు, అందరూ. ఆ రిపోర్టులో వెళ్లినవాళ్ల లెక్క, వచ్చినవాళ్ల లెక్క సరిపోకపోతే ఆ మాట ఎవడి నోటా రాదు. పోయినవాళ్లు మాకు నీకంటే బాగా గుర్తు.

మేనకోడలు: ఆ సంగతి నాకు తెలుసు మావయ్యా. నువ్వు పైనున్న ఆ మూడు నెలలు అత్తయ్య ఎలా గడిపిందో కూడా నాకు తెలుసు. అందుకే ఇంకో మాట. కుమార్ గురించి వచ్చిన సంస్మరణల్లో 'సాహసి, సైనికుడు, కుటుంబాన్ని ప్రేమించినవాడు' అని వరుసగా రాసేస్తారు. మొదటి రెంటికీ పేజీలు, మూడోదానికి ఒక వరుస. నేను చదివినవాటిలో ఆయన భార్య గురించి అంతకుమించి లేదు. మంచు కాటుతో ఇంటికొచ్చిన ఆ కాళ్లని చూసింది ఆమె. మరిది ఎవరెస్టు మీద పోయాక కూడా ఆ ఇంట్లో తాళ్లు, మంచుగొడ్డళ్లు సర్దింది ఆమె. ఆ ఓర్పుకి ఏ పతకం ఉంది?

మావయ్య: లేదు. ఏ ఫౌజీ ఇంట్లోనూ లేదు. కానీ ఆయన ఇంటిని వదిలేసి తిరిగిన మనిషి కాదు. ఇంటినే కొండమీదికి తీసుకెళ్లాడు. గుల్మార్గ్‌లో స్కీయింగ్ స్కూలు నడిపిన రోజుల్లో పిల్లలు ఆ మంచులోనే పెరిగారు. కూతురు శైలజ 1988లో కెనడాలో కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీయింగ్ చేసింది. శీతాకాల ఒలింపిక్స్‌కి వెళ్లిన మొదటి భారతీయ మహిళ. ఎండలు మండే మన దేశం నుంచి! కొడుకు నదుల మీద పడ్డాడు, రాఫ్టింగ్ నేర్పడంలో పేరు తెచ్చుకున్నాడు. పిల్లలకి ఆస్తి రాసిచ్చినట్టు ఆ నీళ్లు, ఆ మంచు రాసిచ్చాడు. తండ్రితనమంటే ఇంకేంటి?

మేనకోడలు: తమ్ముణ్ణి కొండకు పోగొట్టుకుని మూడేళ్లయినా తిరక్కుండానే కూతుర్ని మంచు మీదికి పంపాడు. ఇది రాస్తున్నప్పుడు నా పెన్ను ఆగింది మావయ్యా. భయపడి ఆపేసే తండ్రులే ఎక్కువ. మా నాన్నయితే నన్ను ట్రెక్కింగ్‌కే పంపలేదు. ఆయనకి భయం లేదని నేననుకోను. మంచు కాటు ఎలా ఉంటుందో తన కాలికి తెలిసినవాడు. తెలిసీ పంపాడు, నేర్పించి పంపాడు. ఆయన్ను కుటుంబీకుడు అనడానికి నాకు దొరికిన బలమైన ఆధారం ఇదొక్కటే.

మావయ్య: ఇప్పుడు దారిలోకొచ్చావు.

మేనకోడలు: దారిలోకి రాలేదు. నేర్పించి పంపాడన్నాను, ఆ నేర్పులో ఎక్కడ ఆగాలో నేర్పడం కూడా ఉంది. మళ్లీ 28,300 అడుగుల దగ్గరికే తీసుకొస్తున్నాను నిన్ను.

మావయ్య: మొండిదానివమ్మా! సరే, కాంచన్‌జంగా మర్చిపోకు. 1977, ఈశాన్య గట్టు. 1929లో, 1931లో జర్మన్లు తలబద్దలు కొట్టుకున్నా లొంగని దారి. ఈయన జట్టు ఎక్కింది. శిఖరం మీదికి వెళ్లింది మేజర్ ప్రేమ్‌చంద్, నాయక్ నీమా దోర్జే. ఆ కొండని మనుషులు ఎక్కడం అది రెండోసారి మాత్రమే. అక్కడ కూడా నాయకుడిగా ఈయన కిందే ఉన్నాడు, నీ వాదానికి పనికొస్తుంది, రాసుకో.

మేనకోడలు: రాసుకున్నాను. మన వైపు సంగతి కూడా కలుపుతున్నాను. 2014లో నిజామాబాద్ జిల్లా నుంచి మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పిల్ల, గురుకుల పాఠశాలలో చదువుకుంటూ ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి కొండరాయి మీద మొదలుపెట్టి డార్జిలింగ్ పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందింది. టెన్జింగ్ నేర్పిన ఆ సంస్థలోనే కుమార్ కూడా కొండలెక్కడం నేర్చుకున్నాడు. మా ఎన్‌సీసీలో ఆడపిల్లలే ఎక్కువ మావయ్యా. వాళ్లకి సియాచిన్ దూరం. పూర్ణ దగ్గర. ఆ పిల్ల నుంచి కుమార్ దాకా ఒక దారి వేస్తే వాళ్లు నడుస్తారు.

మావయ్య: ఆడపిల్లలైతే సియాచిన్ దూరమెందుకు? ఇప్పుడు ఆడ ఆఫీసర్లు అక్కడా ఉన్నారు. దూరమని నువ్వే నిర్ణయించకు.

మేనకోడలు: ఆ మాట కొట్టేస్తాను. కానీ మొదలు మార్చను. 1960తోనే మొదలు.

మావయ్య: అయితే ఒక పని చెయ్యి. సభకి నేనూ వస్తాను. నీ ప్రసంగం నువ్వు చెప్పు, కర్నూలు కుర్రాణ్ణి తలుచుకో, ఆ ఇల్లాలి మాట చెప్పు. సియాచిన్ భాగం నాకు వదిలెయ్. జర్మన్ పరిచిన పటం దగ్గర మొదలుపెట్టి బిలాఫోండ్ లా దాకా నేను చెబుతాను. చివర్లో పిల్లల్ని అడగనీ, ఎవర్ని కావాలంటే వాళ్లని.

మేనకోడలు: అక్కడ నీతో విభేదిస్తే వాళ్ల ముందే విభేదిస్తాను.

మావయ్య: విభేదించు. మెడల్స్ పెట్టుకుని రానా, వద్దా?

మేనకోడలు: పెట్టుకునే రా మావయ్యా. మంచు కాటు సంగతి మాత్రం నువ్వే చెప్పాలి, ఇందాక నాకు చెప్పినట్టే, మేజోడు దగ్గర్నుంచి.